ఇగ్నిషన్ టైమింగ్, ఇంజన్ కంప్యూటర్ ట్యూనింగ్

పెట్రోలు ఇంజన్‌లో పిస్టన్ పైకొసకు చేరడానికి ఇంకా ఎన్ని డిగ్రీలు ఉండగా ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలో ఖరారు చేసే లెక్కకు ఇగ్నిషన్ టైమింగ్ అని పేరు. ఒకప్పుడు ఈ లెక్క మెకానిక్ చేతిలో ఉండేది. డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త అటో ఇటో తిప్పితే మారిపోయేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఆ పని ఇంజన్ కంట్రోల్ యూనిట్ అనే కంప్యూటరుది. పొట్టిగా ఈసీయూ అంటారు. ఎంత పెట్రోలు చల్లాలి, ఎప్పుడు రవ్వ వెయ్యాలి అన్న రెండు నిర్ణయాలూ అదే తీసుకుంటుంది. ఆ నిర్ణయాలకు ఆధారమైన అంకెల పట్టికలను ఇంజన్‌కూ ఇంధనానికీ తగినట్టు సరిదిద్దడమే ట్యూనింగ్.

ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి పట్టే సమయం సెకనులో 36,000వ వంతు. అంత సన్నని కాలాన్ని కొలిచే కంప్యూటరుకు ఇంజన్ మాత్రం కనబడదు. క్రాంక్ పక్కనున్న సెన్సర్ ఏం చెబితే దాన్నే నమ్ముతుంది. అందుకే ఈ విద్యలో అన్నిటికన్నా ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది: కంప్యూటరు పది డిగ్రీలు అనుకుంటున్న క్షణంలో ఇంజన్‌లోనూ పదేనా? దీనికి జవాబు తేల్చుకోకుండా చేసే ట్యూనింగ్ పునాది తవ్వకుండా లేపిన గోడ లాంటిది.

రవ్వ ముందుగా ఎందుకు

సిలిండర్లోని పెట్రోలు ఆవిరి, గాలి మిశ్రమం ఒక్కసారిగా పేలదు, మండుతుంది. ప్లగ్గు దగ్గర పుట్టిన మంట గోడల దాకా పాకడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. పిస్టన్ పైకొసకు చేరాక రవ్వ వేస్తే మంట ఊపందుకునే వేళకు పిస్టన్ కిందికి దిగిపోతూ ఉంటుంది. అప్పుడు వేడి పిస్టన్‌ను తొయ్యకుండా సైలెన్సర్ దారి పడుతుంది. మరీ ముందుగా వేస్తే ఇంకా పైకెక్కుతున్న పిస్టన్‌కు మంట ఎదురు తిరుగుతుంది. సిలిండర్లో పీడనం పైకొస దాటిన సుమారు 15 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరితే క్రాంక్‌కు అందే తోపు ఎక్కువగా ఉంటుందని ఇంజన్ పరిశోధనలు తేల్చాయి. రవ్వ పైకొసకు ఎన్ని డిగ్రీలు ముందు పడుతుందో దాన్ని అడ్వాన్స్ అంటారు; ఆ ఫలితాన్నిచ్చే అతి తక్కువ అడ్వాన్స్‌ను ఇంజనీర్లు ఎంబీటీ అంటారు.

ఆ అంకె అన్ని వేళలా ఒకటే కాదు. వేగం పెరిగితే మంటకు దొరికే సమయం తగ్గుతుంది కనుక రవ్వ ఇంకా ముందుకు జరగాలి. అయితే వేగంతో పాటు సిలిండర్లో సుడులూ పెరిగి మంటను తొందరపెడతాయి కాబట్టి ఈ జరగడానికి ఒక హద్దుంది. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు సిలిండర్లోకి వచ్చే గాలి పలచన, మంట నిదానం. అప్పుడు 35, 40 డిగ్రీల అడ్వాన్స్ కూడా అవసరపడుతుంది. అదే కారు ఘాట్ రోడ్డు ఎక్కుతూ పూర్తిగా తొక్కించుకుంటే మిశ్రమం చిక్కబడి త్వరగా మండుతుంది, అడ్వాన్స్ తగ్గాలి. టర్బో ఉంటే ఇంకా తగ్గాలి.

మీట నుంచి మైక్రోప్రాసెసర్ దాకా

1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఈ మార్పులన్నీ డ్రైవరే చేసుకునేవాడు. స్టీరింగ్ కింద కుడివైపు మీట పెట్రోలుకు, ఎడమవైపు మీట రవ్వకు. హ్యాండిల్ కొట్టి ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఎడమ మీటను తప్పనిసరిగా వెనక్కి పెట్టాలి. మరిచిపోతే ఇంజన్ ఎదురు తన్ని హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి విరిగేది.

అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ 1909లో స్థాపించిన డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే ఇగ్నిషన్‌ను క్యాడిలాక్ కార్లకు అందించింది. ఆ కంపెనీ పొట్టి పేరు డెల్కో. అంబాసిడర్, పద్మిని కార్ల కాలంలో మన షెడ్లలో డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అని పిలిచేవారు. ఊరి మెకానిక్ నోట ఆడిన ఆ మాట డేటన్ నుంచి వచ్చిందే. పాయింట్ల మధ్య సందు ఫీలర్ గేజీతో సుమారు 0.4 మి.మీ.కు పెట్టి, నల్లబడితే ఎమెరీ కాగితంతో రుద్ది, డెల్కో తిప్పి టైమింగ్ కుదిర్చేవారు. వేగం పెరిగితే డెల్కో లోపలి గుండ్లు విచ్చుకుని రవ్వను ముందుకు జరిపేవి. లోడును బట్టి సర్దే పని వ్యాక్యూమ్ డబ్బాది. గుండ్లు, స్ప్రింగులు, రబ్బరు పొర కలిసి చేసిన ఆ సర్దుబాటు ఒక మోటు పట్టికే. స్ప్రింగు సాగితే పట్టిక కూడా మారిపోయేది.

ఎలక్ట్రానిక్స్ రెండు దారుల్లో వచ్చి ఒకచోట కలిశాయి. పెట్రోలు వైపు, బాష్ కంపెనీ డీ-జెట్రానిక్ ఇంజెక్షన్ 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600లో వచ్చింది. రవ్వ వైపు, జనరల్ మోటార్స్ 1977 ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడోలో టైమింగ్ పనిని మైక్రోప్రాసెసర్‌కు అప్పగించింది. మధ్యలో 1976లో వోల్వో తన కార్లలో లామ్డా సెన్సర్ పెట్టింది. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టి మిశ్రమం చిక్కనో పలచనో చెప్పే సెన్సర్ అది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారుకు అమర్చిన బాష్ మోట్రానిక్, ఇంజెక్షన్‌నూ ఇగ్నిషన్‌నూ ఒకే కంప్యూటరు కిందికి తెచ్చింది. ఈనాటి ఈసీయూలన్నీ ఆ వంశానివే.

మన దేశంలో ఈ మార్పు 1990ల చివర్లో ఊపందుకుంది. 1998లో వచ్చిన హ్యుందాయ్ శాంత్రో ఎంపీఎఫ్‌ఐ అనే ఇంజెక్షన్ పద్ధతి ఉన్న ఇంజన్‌తోనే మార్కెట్లోకి దిగింది. కాలుష్య నిబంధనలు బిగుసుకోగా మారుతి 800 కూడా కార్బురేటర్ వదిలి ఇంజెక్షన్‌కు మారింది. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1తో దేశమంతటా ఆగిపోవడం ఇందుకు తోడ్పడింది. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, లామ్డా సెన్సర్‌ను సీసం పాడుచేస్తుంది.

అంకెల గదులు

ఈసీయూ లోపల టైమింగ్ ఒక పట్టికగా ఉంటుంది. అడ్డంగా ఆర్‌పీఎం, నిలువుగా లోడు. పదహారు నిలువులు, పదహారు అడ్డాలు ఉంటే 256 గదులు. ఒక్కో గదిలో డిగ్రీల అంకె ఒకటి. ఇంజన్ రెండు గదుల నడుమ ఉంటే కంప్యూటరు రెంటినీ కలిపి మధ్య విలువ కడుతుంది. దానిమీద సవరణలు వేస్తుంది. లోపలికి వచ్చే గాలి వేడెక్కితే కొన్ని డిగ్రీలు వెనక్కి, ఐడ్లింగ్‌లో ఇంజన్ ఆగేలా తడబడితే కొన్ని ముందుకు. ఐడ్లింగ్‌ను నిలబెట్టడానికి గాలి దారి తెరవడం కన్నా రవ్వ జరపడమే వేగమైన ఉపాయం. గాలి రావడానికి సమయం పడుతుంది, రవ్వ తర్వాతి సిలిండర్లోనే మారుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు చాలా కార్లు కావాలనే రవ్వను బాగా వెనక్కి వేస్తాయి. మంట వేడి పొగగొట్టంలోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తొందరగా వేడెక్కించాలని.

క్రాంక్ ఎక్కడుందో చెప్పేది పళ్ల చక్రం. ఎక్కువగా వాడే చక్రంలో 60 పళ్లకు చోటుండి రెండు లేకుండా ఉంటాయి. పంటికీ పంటికీ ఆరు డిగ్రీలు. పళ్లు లేని ఖాళీ ఎదురుగా వచ్చినప్పుడు కంప్యూటరు అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఆ ఖాళీ నుంచి పైకొసకు ఎన్ని డిగ్రీలు అన్నది ఇంజన్ ఇంజన్‌కూ వేరు. ఆ ఒక్క అంకె తప్పితే 256 గదులూ తప్పినట్టే. కంప్యూటరు పది అనుకుంటుంటే నిజంగా పదహారు ఉంటుంది. పట్టికలో 28 అని రాసి ఉన్నచోట ఇంజన్‌లో 34 పడుతుంది.

సున్నా కలపడం

కొత్త కార్లలో పళ్ల చక్రం, సెన్సర్ ఫ్యాక్టరీలోనే బిగిసి ఉంటాయి కాబట్టి సవరణలేవీ వేయని మూల టైమింగ్‌ను, అంటే బేస్ టైమింగ్‌ను, తిప్పుకునే వీలు లేదు, అవసరమూ లేదు. కంప్యూటరు ఉండీ చేత్తో తిప్పే వీలున్న మధ్యకాలపు కార్లకు మంచి ఉదాహరణ 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో దాని పేరు మియాటా. తొలి 1.6 లీటర్ల ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్ చివర, సిలిండర్ హెడ్ వెనక క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ లేకపోయినా ఈ సెన్సర్‌ను తిప్పితే టైమింగ్ జరుగుతుంది.

పద్ధతి ఇది. ఇంజన్‌ను బాగా వేడెక్కనిచ్చి, లైట్లు, ఏసీ ఆపేస్తారు. ఇంజన్ గదిలోని డయాగ్నోసిస్ పెట్టె మూత తీసి టీఈఎన్, జీఎన్‌డీ అని రాసి ఉన్న రెండు రంధ్రాలను చిన్న తీగముక్కతో కలుపుతారు. దాంతో కంప్యూటరు తన సవరణలన్నీ పక్కనపెట్టి బేస్ టైమింగ్ దగ్గర కదలకుండా నిలబడుతుంది. ఈ తీగ పెట్టకపోతే ఐడ్లింగ్ కోసం రవ్వ నిరంతరం ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది, గుర్తు ఒకచోట నిలవదు. ఆర్‌పీఎం 850 ప్రాంతంలో ఉండాలి. టైమింగ్ లైటు క్లిప్పును ఒకటో నంబరు ప్లగ్గు వైరుకు తగిలించి, ముందువైపు తిరుగుతున్న పుల్లీ మీదికి వెలుగు వేస్తారు. రవ్వ పడిన ప్రతిసారీ లైటు మెరుస్తుంది. గిర్రున తిరిగే పుల్లీ మీది గీత ఆ మెరుపుల్లో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఆ గీత పక్కనున్న స్కేలు మీద పది దగ్గర నిలవాలని మాజ్దా నిర్దేశం. నిలవకపోతే సెన్సర్‌ను పట్టి ఉంచే 12 మి.మీ. బోల్టు కొద్దిగా వదులు చేసి, సెన్సర్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతారు. బోల్టు బిగించేటప్పుడు సెన్సర్ కాస్త కదిలిపోవడం మామూలే కాబట్టి బిగించాక మరోసారి చూస్తారు. చివరికి తీగముక్క తీసేస్తారు.

ఈ ఇంజన్‌లో ఒక మెలిక ఉంది. ఒకే కాయిల్ ఒకటో, నాలుగో సిలిండర్లకు కలిపి రవ్వ ఇస్తుంది కాబట్టి ప్రతి చుట్టుకూ ఒకసారి రవ్వ పడుతుంది. రెండు చుట్లకు ఒకసారి రవ్వ వస్తుందనుకుని తయారైన డయల్ ఉన్న టైమింగ్ లైట్లు ఇక్కడ డిగ్రీలు తప్పు చూపుతాయి. డయల్‌ను సున్నా దగ్గర పెట్టి పుల్లీ స్కేలునే నమ్మాలి.

బయట కొన్న ఈసీయూ బిగించినప్పుడూ పని ఇదే, బోల్టు బదులు కీబోర్డు ఉంటుందంతే. 2001లో అమెరికన్లు బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో మొదలుపెట్టిన మెగాస్క్విర్ట్, ఆర్డుయినో బోర్డు మీద నడిచే స్పీడ్యువినో లాంటివి ఇంట్లో కూర్చుని కంప్యూటరును తామే అతుకు పెట్టుకునే అవకాశం కల్పించాయి. వీటిలో టైమింగ్‌ను పది డిగ్రీల దగ్గర తాళం వేసినట్టు ఆపి, లైటుతో పుల్లీ చూసి, రెండూ కలిసేదాకా ట్రిగ్గర్ కోణం, అంటే పళ్ల ఖాళీ నుంచి పైకొసకు ఉన్న డిగ్రీల అంకె, మారుస్తారు. తర్వాత 3000 ఆర్‌పీఎం దాకా రేస్ చేసి మళ్లీ చూస్తారు. తాళం వేసినా గీత జరిగిపోతుంటే సెన్సర్ తీగలు తారుమారైనట్టో, సంకేతం ఆలస్యంగా అందుతున్నట్టో అర్థం. ఆ తప్పు దిద్దాకే మిగతా పని.

పెట్రోలు లెక్క

టైమింగ్ కన్నా ముందు మిశ్రమం దారిలో పడాలి. పలచటి మిశ్రమం నిదానంగా మండుతుంది, చిక్కటిది వేరుగా. మిశ్రమం కుదరకముందు వెతికిన టైమింగ్ దాని తర్వాత నిలవదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. నిలకడగా నడిచేటప్పుడు ఈ నిష్పత్తి దగ్గరే ఉంటే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేస్తుంది. పూర్తిగా తొక్కినప్పుడు టర్బో లేని ఇంజన్‌కు 12.5 నుంచి 13 మధ్య ఉంటే పికప్ బాగుంటుంది, వేడీ అదుపులో ఉంటుంది. ట్యూనర్లు పొగగొట్టంలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ బిగించి ఈ అంకెలు చూస్తారు.

ఇంజెక్టర్ విషయంలోనూ కంప్యూటరు అనుకున్నదీ జరిగేదీ కలవాలి. కరెంటు అందిన వెంటనే ఇంజెక్టర్ తెరుచుకోదు. దాదాపు ఒక మిల్లీసెకను ఆలస్యమవుతుంది. బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఇంకా ఎక్కువ. ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండేదే రెండు మూడు మిల్లీసెకన్లు కాబట్టి ఈ అంకె తప్పితే హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ఇంజన్ తడబడుతుంది. కాయిల్‌కూ అంతే. నిండా ఛార్జి కావడానికి రెండు నుంచి నాలుగు మిల్లీసెకన్లు ఇవ్వాలి. తక్కువిస్తే రవ్వ నీరసం, ఎక్కువిస్తే కాయిల్ కాలిపోతుంది.

డైనో మీద

రోడ్డు మీద మిశ్రమం సరిచూడొచ్చు గానీ, టైమింగ్ సరిగ్గా తేలేది డైనోమీటర్ మీదే. చక్రాలను రోలర్ల మీద నిలిపి, ఎంత తొక్కినా వేగం ఒకే ఆర్‌పీఎం దగ్గర ఆగేలా రోలర్లకు బ్రేకు వేస్తారు. పట్టికలో ఆ వేగానికి చెందిన గదిలో అడ్వాన్స్‌ను రెండేసి డిగ్రీలు పెంచుతూ టార్క్ చూస్తారు. మొదట గబగబా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఒకచోట పెరగడం మానేస్తుంది. పెరగడం మానిన చోటికి కాస్త ముందే ఆగాలి. ఆపైన వేసిన ప్రతి డిగ్రీ బలమివ్వదు, పీడనాన్నీ వేడినీ మాత్రమే పెంచుతుంది. టార్క్ ఇంకా పెరుగుతుండగానే నాకింగ్ మొదలైతే అక్కడే ఆగి రెండు మూడు డిగ్రీలు వెనక్కి రావాలి. ఇలా గది గదికీ తిరగాలి. మధ్య గదులను నునుపుగా కలుపుతారు. పక్కపక్క గదుల్లో పది డిగ్రీల తేడా ఉంటే గేరు మార్చినప్పుడు కారు కుదుపు తెలిసిపోతుంది.

నాకింగ్

రేకు డబ్బాలో గోలీలు ఆడించినట్టు వినిపించే చప్పుడు నాకింగ్. ప్లగ్గు నుంచి మంట వచ్చేలోపే మూలన మిగిలిన మిశ్రమం నొక్కుడుకూ వేడికీ తనంతట తానే భగ్గుమంటుంది. ఆ పీడన తరంగం సిలిండర్ గోడల మధ్య కొట్టుకుంటుంది. లోహాన్ని వేడి నుంచి కాపాడే పలచని గాలి పొర చెదిరిపోతుంది. అది ఆగకపోతే పిస్టన్ అంచులు విరుగుతాయి, హెడ్ గాస్కెట్ పోతుంది.

కెటరింగ్ కాలంలో ఈ చప్పుడుకు ఆయన బ్యాటరీ ఇగ్నిషనే కారణమని నిందించారు. కారణం ఇంధనంలో ఉందని తేల్చే పరిశోధన డేటన్‌లోనే ఆయన కింద పనిచేసిన థామస్ మిడ్గ్లీ చేపట్టాడు. 1921లో నాకింగ్‌ను అణిచే సీసపు రసాయనం దొరికింది. దాన్ని పెట్రోలులో కలిపి అమ్మినందుకు ప్రపంచం దశాబ్దాల పాటు సీసపు విషంతో మూల్యం చెల్లించింది. ఇంధనం నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ కొలత 1926లో గ్రాహం ఎడ్గర్ పరిశోధనతో వచ్చింది.

ఇప్పుడు ఇంజన్ బ్లాకుకు బిగించిన చిన్న సెన్సర్ ఈ చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంటుంది. చప్పుడు స్థాయి (పౌనఃపున్యం) బోరును, అంటే సిలిండర్ వ్యాసాన్ని, బట్టి మారుతుంది. 86 మి.మీ. బోరున్న ఇంజన్‌లో అది సుమారు 6.7 కిలోహెర్ట్జ్. కంప్యూటరు ఆ స్థాయిని మాత్రమే వడగట్టి విని, నాకింగ్ పట్టుబడగానే కొన్ని డిగ్రీలు వెనక్కి తగ్గి, మెల్లగా మళ్లీ ముందుకొస్తుంది. అధిక ఆక్టేన్ పెట్రోలు పోస్తే బలం పెరుగుతుందన్న మాట నిజమయ్యేది, నాకింగ్ భయంతో వెనక్కి తగ్గిన డిగ్రీలు ఏవైనా ఉన్నప్పుడే. వెనక్కి తగ్గని ఇంజన్‌లో అదనపు ఆక్టేన్‌కు చేయడానికి పనేమీ లేదు.

చట్టం

ఈసీయూ పట్టికలు బలాన్నీ మైలేజీనీ మాత్రమే కాదు, పొగనూ నిర్ణయిస్తాయి. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించేలా డీజిల్ కార్ల సాఫ్ట్‌వేర్ రాశారని 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌ను పట్టుకుంది. ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్ల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీ ఒప్పుకుంది. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ విధించవచ్చంటుంది. శ్రీపెరంబుదూరు దగ్గరి మద్రాస్ రేస్ ట్రాక్, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే లాంటి చోట్ల తిరిగే పోటీ కార్ల సంగతి వేరు.

ఇంధనం మారితే

ట్యూనింగ్ గురించి ఎన్నడూ ఆలోచించని వాళ్లకూ ఈ విషయం ఇప్పుడు దగ్గరైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలును ప్రధానమంత్రి 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ బంకుల్లోనూ మామూలుగా దొరికేది అదే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి తక్కువ గాలి చాలు. కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి అయితే, ఈ20కి సుమారు 13.5. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుతో పోలిస్తే ఇంజెక్టర్ నాలుగైదు శాతం ఎక్కువ చల్లాలి. లామ్డా సెన్సర్ ఉన్న కారు ఈ తేడాను తనే గుర్తించి సర్దుకుంటుంది. కార్బురేటర్ ఉన్న పాత కారుకు ఆ వీలు లేదు. జెట్ మార్చేదాకా పలచగానే నడుస్తుంది.

ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ. నాకింగ్‌కు భయపడకుండా రవ్వను ముందుకు జరిపే అవకాశం ఇస్తుంది. ఆ అవకాశాన్ని వాడుకునే పట్టిక ఈసీయూలో ఉంటే పోయిన మైలేజీలో కొంత తిరిగొస్తుంది. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ ప్రచురించిన నిపుణుల నివేదిక తేడాను ఇలా అంచనా వేసింది: మామూలు పెట్రోలు కోసం తయారై పది శాతానికి సర్దిన కార్లలో ఈ20 పోస్తే మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుంది. పది శాతం కోసం తయారై ఇరవైకి సర్దిన కార్లలో ఒకటి రెండు శాతమే.

సీఎన్‌జీ కథ ఇంకోలా ఉంటుంది. హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ బంకుల దగ్గర వరుస కట్టే కార్లలో కొన్ని పెట్రోలుతో కొన్నాక కిట్ బిగించుకున్నవి. సహజవాయువు పెట్రోలు కన్నా నిదానంగా మండుతుంది, రవ్వ ఇంకా ముందే పడాలి. అందుకని కొన్ని కిట్లలో టైమింగ్ అడ్వాన్స్ ప్రాసెసర్ అనే చిన్న డబ్బా వస్తుంది. అది క్రాంక్ సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని, గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు మాత్రం సంకేతాన్ని కొన్ని డిగ్రీలు ముందే వచ్చినట్టు చూపిస్తుంది. కంప్యూటరు తన పట్టిక ప్రకారమే రవ్వ వేస్తున్నాననుకుంటుంది. ఇంజన్‌లో మాత్రం ఆ రవ్వ గ్యాసుకు కావలసిన చోట పడుతుంది.